మూడు స్కూపుల లెక్క

“పన్నెండు కాగానే ఈ అమ్మాయిని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇప్పుడు పదీ నలభై. నీకు ఎనభై నిమిషాలున్నాయి వదినా. ఆ తర్వాత ఏం చెప్పుకున్నా కోర్టులోనే చెప్పుకో.”

“ఎనభై నిమిషాలంటే గంటా మూడో వంతు. నాకు అంత అక్కర్లేదులే,” అంది లెక్కలమ్మ, కళ్లజోడు రుమాలుతో తుడుచుకుంటూ.

ఇన్‌స్పెక్టరుకి ఒళ్లు మండింది. మండదా మరి! ఎదురుగా నిలబడింది స్వయానా అన్నగారి భార్య. ముప్ఫయ్యేళ్లు ఏడో తరగతికి లెక్కలు చెప్పి, రిటైరైన మర్నాడే నేర పరిశోధనలోకి దిగిన మనిషి. అసలు పేరేమిటో స్టేషన్లో ఎవరికీ గుర్తులేదు, అందరికీ లెక్కలమ్మే. ఇప్పటికి మూడు కేసుల్లో మరిది పట్టుకొచ్చిన ముద్దాయిని ఆవిడ నవ్వుతూ విడిపించుకుపోయింది. ఇంట్లో భోజనాల దగ్గర ఎవరైనా ఆ మూడు కేసుల ఊసెత్తితే అతను కంచం ముందు నుంచి లేచిపోతాడు.

“ఈసారి నీ పప్పులుడకవు. లెక్క నా వైపే ఉంది,” అన్నాడు.

“లెక్క ఎవరి వైపూ ఉండదయ్యా. చెప్పు, ఏం జరిగింది?”

ఇన్‌స్పెక్టరు గడగడా చెప్పుకుపోయాడు. అది మందుల కంపెనీ. ఈ గది తూకాల గది. ఇక్కడ నిద్రమాత్రల కోసం పిండి కలిపే డ్రమ్ముల్లో నిద్రమందు పొడి తూచి పోస్తారు. ఆ పని ఇద్దరిదే. ఒకరు అందరూ పెద్దాయన అని పిలిచే ముసలి తూకందారు. రెండోది అతని కింద పనిచేసే ఈ తూకాలమ్మాయి. ఈవేళ పొద్దున్న ఈ అమ్మాయి క్యాంటీన్ నుంచి తెచ్చిన టీ తాగి పెద్దాయన కుప్పకూలాడు. కప్పు అడుగున నిద్రమందు పొడి దొరికింది. ప్రాణం ఉంది కానీ స్పృహ లేదు. ఆస్పత్రిలో ఉన్నాడు.

“చూశావా, సూటిగా ఉంది కేసు.”

లెక్కలమ్మ తల పక్కకి తిప్పింది. ఆవిడ చెవి గేటు వైపు ఉంది. అక్కడ ఓ ముసలామె నాలుగు నెలల పాపను భుజాన వేసుకుని ఊపుతోంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ముసలామే పొద్దున్న పరుగున వచ్చి లెక్కలమ్మ తలుపు బాదింది. “మా కోడలు మొండిది, నోరు పెద్దది, నాతో రోజూ తగువే. కానీ ఒకరి కప్పులో మందు కలిపే మనిషి కాదమ్మా. దాన్ని జైల్లో పెడితే ఈ పసిదానికి పాలెవరిస్తారు?” అని చెయ్యి పట్టుకుంది. కోడలి తరఫున వాదించే అత్తగారిని చూసి లెక్కలమ్మకి ముచ్చటేసింది. ఇప్పుడు ఆ ఏడుపు వింటూనే గది మూల వైపు తిరిగింది.

తూకాలమ్మాయి మూలనున్న స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన లేడీ కానిస్టేబులు. గేటు వైపు నుంచి ఏడుపు వినబడినప్పుడల్లా ఆ పిల్ల రెండు చేతులూ ఒడిసిపట్టుకుంటోంది.

“పాలిచ్చి ఎంతసేపైందమ్మా?” అని అడిగింది లెక్కలమ్మ.

“ఎనిమిదింటికి ఇచ్చానండీ. రెండు గంటల నలభై నిమిషాలైంది.” అని నీళ్లు నిండిన కళ్లతో చూసింది. “నేనేం చెయ్యలేదు టీచరుగారూ.”

“చేశావో లేదో తర్వాత చూద్దాం. అడిగినదానికి నిమిషాలతో సహా చెప్పు. డబ్బా సీలు విప్పిందెప్పుడు?”

“తొమ్మిదింటికి. ఈ నెల కొత్త డబ్బా అది.”

“టీ?”

“తొమ్మిదీ పదికి తెచ్చాను. తాగేవి లోపలికి తేకూడదు. అందుకని వరండాలో బల్ల మీద పెట్టి, కోటూ మాస్కూ వేసుకుని లోపలికొచ్చి పెద్దాయన్ని పిలిచాను. ఆయన బయటికెళ్లి తాగారు. తొమ్మిదీ పదమూడు.”

“అంటే మూడు నిమిషాలు కప్పు ఒంటరిగా ఉంది.”

“ఉంటే?” అని మధ్యలో దూరాడు మరిది. “ఆ మూడు నిమిషాల్లో వరండాలో వందమంది నడిచారనుకో. వాళ్లకి పొడి ఎక్కణ్ణుంచి వస్తుంది? అదీ ప్రశ్న.”

“ఆగవయ్యా! ఎప్పుడు పడిపోయారమ్మా?”

“తొమ్మిదీ నలభైకి. మొదటి డ్రమ్ము అయిపోయింది. రెండోదానికి పొడి ముంచే స్కూపు చేతిలోకి తీసుకున్నారు, అలాగే కిందికి జారిపోయారు.”

“నిన్న మీ ఇద్దరికీ గొడవైందట?”

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. “గొడవంటే... నిన్న సాయంత్రం ఆయన అదోలా ఉన్నారండీ. కాగితం మీద ఏవో వేసుకుంటూ ‘మూడు స్కూపులే కదా పోస్తున్నావు?’ అన్నారు. అవునన్నాను. రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు. నాకు కోపం వచ్చింది. రెండేళ్లుగా మీ కళ్లముందే పోస్తున్నాను, నాలుగోది పోసి ఇంటికెత్తుకెళ్తున్నానా అని గట్టిగా అరిచేశాను. అది వరండా అంతా వినబడింది.”

“మూడుసార్లు అడిగారా?”

“మూడుసార్లు.”

లెక్కలమ్మ జేబు పుస్తకంలో మూడు అని రాసి కింద గీత గీసింది. ముసలాయన ఒక ప్రశ్న మూడుసార్లు అడిగాడంటే అది ఆ పిల్ల మీద అనుమానం కాదు. తన లెక్క మీద తనకే నమ్మకం కుదరని మనిషి అలా అడుగుతాడు. బళ్లో ఆ చూపు ఆవిడ వేలసార్లు చూసింది.

“సరే, ఇక నీ లెక్క చూపించు,” అంది మరిదితో.

అతను ఆ మాట కోసమే కాచుకున్నట్టు రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టాడు. “చూడు. నెల మొదట్లో స్టోరు నుంచి పదహారు కిలోల డబ్బా ఒకటి ఈ గదికొస్తుంది. నెలకి నలభై డ్రమ్ములు. డ్రమ్ముకి సున్నా పాయింట్ నాలుగు కిలోలు. నలభై ఇంటూ సున్నా పాయింట్ నాలుగు, పదహారు. వచ్చింది పదహారు, వాడింది పదహారు, మిగులు గుండు సున్నా. నిన్నటితో పాత డబ్బా ఖాళీ. స్టోర్లో మిగతా డబ్బాలన్నీ సీలుతో ఉన్నాయి, నేనే చూశాను. మరి ఈవేళ తొమ్మిదింటి నుంచి తొమ్మిదీ పది దాకా ఈ కంపెనీ మొత్తంలో ఆ పొడి ఎవరి చేతికి అందుబాటులో ఉంది? కొత్త డబ్బా విప్పిన ఈవిడకీ, ఆ ముసలాయనకీ! ఆయన తన టీలో తానే కలుపుకున్నాడంటావా?”

వాదన గట్టిగానే ఉంది, కాదనడానికి లేదు. తూకాలమ్మాయి తల దించేసుకుంది. లెక్కలమ్మకి మాత్రం ఆ గుండు సున్నా పంటికింద రాయిలా తగిలింది. ముప్ఫయ్యేళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి అది. నలభై తూకాల తర్వాత ఒక్క గ్రాము తేడా లేకుండా సున్నా వచ్చిందంటే, ఏ పిల్లాడైనా లెక్క చెయ్యలేదు, జవాబు చూసి రాశాడు అని అర్థం. ఆవిడ తలెత్తి గది నలుమూలలా చూసింది.

గది చిన్నది. స్టీలు బల్ల, బల్ల మీద తూకం మిషను, పక్కన విప్పిన కొత్త డబ్బా. డబ్బాలో ఒక స్టీలు స్కూపు, పైన పొడిని చదును చెయ్యడానికి ఒక పట్టీ. గోడకి పాత అట్ట వేలాడుతోంది. అట్ట మీద పెద్దాయన గుండ్రటి దస్తూరీ. ‘ఒక డ్రమ్ముకి: నిద్రమందు పొడి 3/8 కిలో. స్కూపు 1/8 కిలో. మూడు స్కూపులు, తల చదునుగా.’

లెక్కలమ్మ కళ్లజోడు సర్దుకుంది. అట్ట వైపు చూసింది, రిజిస్టరు వైపు చూసింది, మళ్లీ అట్ట వైపు చూసింది.

“మరిదీ, ఈ రెండూ ఒకటి కాదయ్యా!”

“ఒకటేనండీ, దాదాపు,” అంది గుమ్మం దగ్గర ఓ మెత్తని గొంతు.

కంపెనీ క్వాలిటీ ఆఫీసరు. పొద్దుటి నుంచి ఇన్‌స్పెక్టరుకి కాగితాలన్నీ అందించి కేసంతా విడమరచి చెప్పింది ఆయనే. ఆయన గది ఈ వరండాలోనే, ఎదురుగా ఉంది.

“మూడు బై ఎనిమిదిని దశాంశంలోకి మారిస్తే సున్నా పాయింట్ మూడు ఏడు అయిదు,” అన్నాడు ఆఫీసరు. “మా మిషను పాయింటు తర్వాత ఒక్క అంకే చూపిస్తుంది. దగ్గరి పదో వంతుకి రౌండు చేస్తే సున్నా పాయింట్ నాలుగు. రిజిస్టర్లో అదే రాయమన్నాను. శుభ్రంగా ఉంటుంది. మీరు లెక్కల టీచరు కదా మేడం, మీకు నేను చెప్పాలా?”

“అక్కర్లేదండీ. రౌండు చెయ్యడం నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఈ ఊరి నిండా ఉన్నారు,” అంది లెక్కలమ్మ నవ్వుతూ.

“మరి నాకు సెలవిప్పించండి. పెద్దాయన పక్కన ఎవరూ లేరు. కాస్త కూర్చుని వస్తాను.” ఆయన ఇన్‌స్పెక్టరుతో చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. అప్పటికి పదకొండూ అయిదు.

“ఎంత మంచి మనిషి!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

లెక్కలమ్మ వినిపించుకోలేదు. ఆవిడ రిజిస్టరు పేజీలు వెనక్కి తిప్పుతోంది. సున్నా పాయింట్ నాలుగు, సున్నా పాయింట్ నాలుగు, సున్నా పాయింట్ నాలుగు... ఏడు నెలలు, ఎనిమిది నెలలు. అక్కడ ఆగింది. అంతకు ముందు నెలలో అన్నీ 3/8లు! నలభై 3/8లు. నెలాఖరున పెద్దాయన దస్తూరీతో ‘వాడకం 15 కిలోలు. మిగులు 1 కిలో. వచ్చే నెలకి.’

“అబ్బ! దొరికింది!” అని బల్ల మీద చరిచింది. లేడీ కానిస్టేబులు ఉలిక్కిపడింది. “ఒరే మరిదీ, ఇటు రా. ఎనిమిది నెలల కిందటిదాకా నలభై డ్రమ్ములకి పదిహేను కిలోలే ఖర్చు. నలభై ఇంటూ మూడు నూట ఇరవై. నూట ఇరవైని ఎనిమిదితో భాగిస్తే పదిహేను. ఇప్పుడు పదహారు ఎలా అయింది? డ్రమ్ములు అవే కదా!”

“ఒరే అనకు, డ్యూటీలో ఉన్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు చూస్తూ. కానీ దగ్గరికొచ్చాడు. పేజీ చూశాడు. నుదురు ముడిపడింది. అయినా అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. “రూలు మారి ఉంటుంది. అప్పుడు మూడు బై ఎనిమిది పోసేవాళ్లు, ఇప్పుడు సున్నా పాయింట్ నాలుగు పోస్తున్నారు. అందులో ఏముంది?”

“స్కూపు మారిందా అమ్మా?” అని అడిగింది లెక్కలమ్మ.

“లేదండీ. అదే స్కూపు. అవే మూడు,” అంది తూకాలమ్మాయి.

“ఆవిడ అలాగే అంటుంది, ముద్దాయి కదా! స్కూపు మార్చేసి ఉండొచ్చు. సున్నా పాయింట్ నాలుగుని మూడు భాగాలు చేస్తే సున్నా పాయింట్ ఒకటి మూడు చిల్లర. అంత పట్టే స్కూపు పెట్టుకుని ఉండొచ్చు. కావాలంటే మూడు పోసి చూడు, మిషను సున్నా పాయింట్ నాలుగే చూపిస్తుంది!”

లెక్కలమ్మ కళ్లు మెరిశాయి. “భేష్! నా క్లాసులో ఉంటే నిన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టేదాన్ని. నువ్వన్నది నిజమే. మూడు స్కూపుల దగ్గర నీ స్కూపూ నా స్కూపూ ఒకేలా కనబడతాయి. రెండింటికీ మిషను సున్నా పాయింట్ నాలుగే అంటుంది. అందుకే మూడు పొయ్యను, నలభై పోస్తాను.”

“నలభై ఎందుకు?”

“మిషను అబద్ధం చెప్పదు, చివర్లో చిన్న ముక్క మింగుతుంది, అంతే. మూడు స్కూపులు పోసి ఒకసారి చూస్తే ఆ ముక్క పెద్దది. నలభై పోసి చివర్లో ఒక్కసారి చూస్తే, మింగిన ముక్క నలభై మీద పంచుకుపోతుంది. ఒక్కో స్కూపుకి పడే వాటా ఏమీ మిగలదు.” ఆవిడ జేబు పుస్తకం తీసి రెండు అంకెలు రాసి అతని చేతిలో పెట్టింది. “నీ స్కూపైతే నలభైకి అయిదు పాయింట్ మూడు. నాదైతే సరిగ్గా అయిదు. పట్టుకో. చూసిన తర్వాత మాట మార్చకూడదు.”

“పోసేదెవరు?”

“రెండేళ్లుగా పోస్తున్న చెయ్యి. ఇంకెవరు?”

“ముద్దాయి చేతికి పొడి ఇవ్వమంటావా! నా ఉద్యోగం తీయిస్తావా వదినా?”

“నువ్వు పక్కనే నిలబడి ఒక్కో స్కూపూ లెక్కపెట్టు. మీ అన్నయ్యకి నిన్ను చూపించి గర్వపడమంటాను. టైం పదకొండూ పన్నెండు, కానీ!”

ఇన్‌స్పెక్టరు పళ్లు నూరుకుని తలూపాడు.

తూకాలమ్మాయి లేచింది. కోటు తొడుక్కుంది, మాస్కు కట్టుకుంది, గ్లౌజులు బిగించింది. బల్ల దగ్గరికి రాగానే ఆ పిల్ల చేతులు తమ పని తాము అందుకున్నాయి. స్కూపు ముంచి, పట్టీతో తల చదును చేసి, మిషను మీది ఖాళీ పళ్లెంలో వంచింది.

“ఒకటి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. మిషను 0.1 చూపించింది.

“రెండు.” 0.3.

“అదేంటి, ఒకటికి ఒకటైతే రెండుకి మూడు ఎలా అయింది?” అని గొణిగాడు.

“నూట పాతిక గ్రాములని కిందికి రౌండు చేసింది, రెండు వందల యాభైని పైకి రౌండు చేసింది. లెక్కపెట్టు!”

“మూడు.” 0.4. అతను విజయగర్వంతో వదిన వైపు చూశాడు. ఆవిడ పట్టించుకోలేదు.

ఎనిమిదో స్కూపుకి 1.0 పడింది. “ఒకటికి సున్నా పాయింట్ ఒకటి చొప్పున అయితే ఎనిమిదికి సున్నా పాయింట్ ఎనిమిది రావాలి కదా మరి!” అన్నాడు తనలో తనే. గొంతులో పొగరు కాస్త తగ్గింది. పదహారుకి 2.0. ఇరవై నాలుగుకి 3.0. గేటు దగ్గర పాప ఏడుపు ఆగింది, అలిసిపోయి నిద్రపోయిందేమో. ముప్ఫై రెండు, 4.0. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది.

“నలభై.”

మిషను మీద ఎర్రగా 5.0.

లెక్కలమ్మకి గంతెయ్యాలనిపించింది. అరవై దాటిన మనిషి కాబట్టి ఆగింది కానీ, లేకపోతే వేసేదే! “స్కూపు ఎనిమిదో వంతు కిలోనే. డ్రమ్ములో పడుతున్నది మూడు బై ఎనిమిదే. పుస్తకంలో రాస్తున్నది నాలుగు బై పది. తేడా పాతిక గ్రాములు. నలభై డ్రమ్ములకి ఎంతయ్యా?”

“నలభై పాతికలు... వెయ్యి.” ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. “కిలో!”

“నీ గుండు సున్నా అసలు ఒక కిలో. ప్రతి నెలా డబ్బా అడుగున ఎనిమిది స్కూపుల పొడి మిగులుతోంది. పుస్తకం దృష్టిలో ఆ పొడి లేనే లేదు. లేనిదాన్ని ఎవరెత్తుకుపోయినా ఎవరికి తెలుస్తుంది? అమ్మాయ్, నిజం చెప్పు. నెలాఖరున డబ్బా అడుగున పొడి ఉంటుందా?”

“ఉంటుందండీ, రెండు వేళ్ల మందం,” అంది తూకాలమ్మాయి తెల్లబోయి. “అడుగు పొడి వాడకూడదని కొత్త రూలు పెట్టారు. గడ్డకడుతుందట. మూత బిగించి స్టోరుకి పంపేస్తాం. ఎప్పుడూ తూచలేదు. అయ్యో, నిన్న పెద్దాయన వేసుకుంటున్నది ఈ లెక్కేనా? నేనేమో ఆయన మీద అరిచాను!” ఆ పిల్ల మాస్కు వెనక వెక్కివెక్కి ఏడ్చింది.

“స్టోరు కీపర్ని పిలువు,” అంది లెక్కలమ్మ. ఈసారి ఇన్‌స్పెక్టరు ఎదురు చెప్పలేదు, తనే వరండాలోకి వెళ్లి కేకేశాడు.

స్టోరు కీపరు వచ్చాడు. లావుపాటి మనిషి. చంకలో తన సొంత రిజిస్టరు ఉంది. అందులో ప్రతి నెలాఖరునా ‘ఖాళీ డబ్బా ఒకటి ముట్టింది’ అని అందమైన సంతకం.

“నిన్న వచ్చిన డబ్బా ఖాళీయేనా?” అని అడిగింది లెక్కలమ్మ.

“ఖాళీయేనండీ. పదహారు వచ్చి పదహారు వాడేస్తే ఇంకేముంటుంది?”

“నేనడిగింది పుస్తకంలో సంగతి కాదు నాయనా. మూత తీశావా?”

“మూత... ఖాళీ డబ్బాకి మూత తియ్యడమెందుకండీ?”

“చేత్తో ఎత్తినప్పుడు కిలో బరువు తెలీలేదా?”

“నేనెత్తితే కదండీ తెలిసేది!” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకేశాడు. “మరెవరెత్తారు?”

స్టోరు కీపరు చెమటలు తుడుచుకున్నాడు. “నా తప్పేం లేదు సార్! నెలాఖరున ఆఫీసరుగారే వస్తారు. అడుగు పొడి ప్రమాదం, నేనే దగ్గరుండి పారబోయిస్తాను, నువ్వు సంతకం పెట్టుకో చాలు అంటారు. డబ్బా తనే కారులో పెట్టుకుంటారు. ఆఫీసరై ఉండి ఎంత శ్రద్ధ అనుకున్నాను.”

“ఏ ఆఫీసరు?”

“క్వాలిటీ ఆఫీసరు సార్. ఇంకెవరున్నారు?”

“నిన్న కూడా ఆయనే తీసుకెళ్లాడా?” అని అడిగింది లెక్కలమ్మ. ఆవిడ గొంతు పూర్తిగా మారిపోయింది.

“నిన్న సాయంత్రం అయిదింటికండీ. పెద్దాయన వెనకాలే వచ్చాడు. ఆ మూత తియ్యండి, నా ముందు తూచండి అని పట్టుబట్టాడు. ఆఫీసరుగారు నవ్వి, భుజం మీద చెయ్యేసి, రేపు పొద్దున్న టీ తాగాక ఇద్దరం కూర్చుని తూచుకుందాం అన్నారు.”

లెక్కలమ్మ గుమ్మం బయటికి చూసింది. వరండాకి ఎదురుగా ఆఫీసరు గది తలుపు వేసి ఉంది. ఆ తలుపుకీ టీ కప్పు పెట్టిన బల్లకీ మధ్య నాలుగు అడుగుల దూరం ఉంది, అంతే. పొద్దుటి నుంచి తనకి కేసు వడ్డించినట్టు వడ్డించిన మనిషి ఎవరో ఇన్‌స్పెక్టరుకి ఇప్పుడు బుర్రకెక్కింది. మొహం పాలిపోయింది. అయినా పాపం అతనిలో మంచి గుణం ఒకటుంది. తప్పు తెలిశాక నాన్చడు.

“అమ్మాయ్,” అన్నాడు తూకాలమ్మాయితో. “తప్పు నాది. నువ్వు వెళ్లు. ముందు పాపకి పాలివ్వు.”

ఆ పిల్ల ఒక క్షణం నమ్మలేనట్టు చూసింది. తర్వాత గ్లౌజులు లాగేసి, కోటు విప్పి, వరండా వెంట పరుగెత్తింది. గేటు దగ్గర ముసలామె పాపను చేతికందిస్తూ “చూసుకుని రాలేవూ, పడితే ఏం కాను!” అని కోడలిని కసురుతోంది. కసురుతూనే కళ్లు తుడుచుకుంటోంది. లెక్కలమ్మ కళ్లూ చెమర్చాయి. గడియారం చూసుకుంది. పదకొండూ ముప్ఫై ఎనిమిది.

“ఎనిమిది నెలలు, ఎనిమిది కిలోలు,” అంది మెల్లగా. “కప్పులో పడింది చెంచాడు. మిగతా అంతా ఎక్కడుందో ఆ ఆఫీసరుకే తెలుసు. ఆ లెక్క పట్టుకున్నది పెద్దాయన ఒక్కడే...”

ఆవిడ ఠక్కున ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“పెద్దాయన పక్కన ఇప్పుడెవరున్నారు మరిదీ?”

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను తీశాడు. రెండోసారికి కలిసింది. స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

“ఆ ముసలాయనా సార్?” అంది వార్డు నర్సు. “పావుగంట కిందటే కళ్లు తెరిచారు. ‘ఎనిమిది, ఎనిమిది’ అని ఏదో అంటున్నారు. కంపెనీ ఆఫీసరుగారు పక్కనే ఉన్నారు. ఇక్కడ లాభంలేదు, పెద్ద ఆస్పత్రికి మారుస్తున్నామని సంతకం చేసి తీసుకెళ్లిపోయారు.”

“తీసుకెళ్లాడా! ఎవరినడిగి పంపారు? ఎవరూ ఆపలేదా?”

“ఎలా ఆపుతాం సార్? మీ జీపులోనే కదా ఎక్కించారు. పోలీసు జీపు వచ్చి నిలబడితే మేమేం అడుగుతాం? మీ డ్రైవర్ని మందులు తెమ్మని కిందికి పంపారు. అతనింకా షాపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆఫీసరుగారే నడుపుకుంటూ వెళ్లారు.”

“జీపు కూడా ఇచ్చావుటయ్యా?” అంది లెక్కలమ్మ.

“కారు పాడైందన్నాడు, మంచి మనిషి కదా అని...” ఇన్‌స్పెక్టరు మాట మింగేశాడు. “ఎటు వెళ్లాడమ్మా? ఎంతసేపైంది?”

“అయిదు నిమిషాలుంటుంది సార్. పెద్ద ఆస్పత్రి ఎడమవైపు కదా, వాళ్లు కుడివైపు తిరిగారు. వంతెన వైపు.”

ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇద్దరూ అప్పటికే వరండా దాటేశారు. ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు, తన జీపు నంబరు తనే చెబుతూ, తన జీపునే ఆపమంటూ. గేటు బయట లెక్కలమ్మ పాత స్కూటరు తప్ప ఇంకో బండి లేదు.

“తాళం ఇలా ఇవ్వు వదినా!”

“ఇవ్వను,” అంది లెక్కలమ్మ, కిక్కు కొట్టి. “వెనక కూర్చో.”